వెనక రేకు మీద పెన్సిల్ గుర్తు

ఆదివారం పొద్దున పదకొండింటికి గెనోలే కరియు వంటింట్లో ఓవెన్ తలుపు తీసేసరికి నల్లటి పొగ మొహాన కొట్టింది. పాలు, గుడ్లు, పిండి కలిపి, ఎండు ప్లమ్ పళ్ళు వేసి పెట్టిన ఫార్ అనే కేకు అది. మీట మధ్యలో పెడితే గంటకి గానీ పైన బంగారు రంగు రాదు. ఇరవై నిమిషాలకే బొగ్గయి కూర్చుంది. మీట మధ్యలోనే ఉంది గానీ లోపల మంట మాత్రం కమ్మరి కొలిమిలా ఊగిపోతోంది.

గ్యాస్ కట్టేసి కిటికీ తీశాడు. తియ్యకుండా ఉంటే బాగుండేది. పొగ తిన్నగా పైకి లేచి, పై అంతస్తులో ఇంటావిడ మదాం కెర్సలే ఆరేసుకున్న దుప్పట్లలోకి దూరింది.

మెట్ల మీద చెక్క చెప్పుల చప్పుడు వినపడింది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. సార్డీన్ చేపల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు ఆడవాళ్ళ మీద అజమాయిషీ చేసింది. తలుపు కొట్టడం అలవాటు లేదు.

"ఏమయ్యా, ఇల్లు తగలబెడుతున్నావా, నన్ను పొగబెట్టి సాగనంపుదామనుకుంటున్నావా?"

"ఓవెన్ పాడైంది మదాం. మంట తగ్గట్లేదు."

"పాడైందా, పాడు చేశావా?"

"నేనేం చేస్తానండీ దాన్ని? ఎండాకాలమంతా ముట్టుకోనే లేదు."

"ముట్టుకోకపోతే అదే కోపమొచ్చి మండిందా?"

పైకి వెళ్ళి ప్లాస్టిక్ సంచీలో పెట్టిన కాయితాలు పట్టుకొచ్చింది. ఇల్లు సామానుతో సహా అద్దెకి ఇచ్చేటప్పుడు, దిగే రోజున ఇద్దరూ నిలబడి రాసుకునే జాబితా. రెండు పేజీలు. చెంచాలు ఆరు. ఉప్పు డబ్బా ఒకటి, మూత వదులు. కుర్చీలు మూడు, ఒకదాని కాలు కింద అట్టముక్క. ఆవిడ వేలు కిందికి జారుకుంటూ వెళ్ళి ఒక వరస దగ్గర ఆగింది.

"చదువు."

"గ్యాస్ పొయ్యి, ఓవెన్. బాగా పనిచేస్తున్నది."

"కింద సంతకం ఎవరిది? మా పిల్లిదా?"

గెనోలే తన సంతకం వైపు చూశాడు. ఫిబ్రవరిలో ఆ రోజు అతనికి బాగా గుర్తుంది. 'వెలిగించి చూసుకో' అని ఆవిడే అంది. అతను ఆ మీగడ రంగు పొయ్యి నెత్తిన చేత్తో తట్టి, పాత స్నేహితుణ్ణి చూసినట్టు నవ్వాడు. 'ఈ రకం పొయ్యిలు నా చేతిమీదుగా వందలు పోయాయి మదాం. వీటికి చావు లేదు' అని డాబుగా చెప్పి, అగ్గిపుల్లయినా గీయకుండా సంతకం గీశాడు. పని తెలియనివాడైతే నాలుగు మీటలూ తిప్పి చూసుకునేవాడు. పని తెలిసినవాడి పొగరు అలా ఏడిసింది.

"వస్తువు ముసలిదై చెడితే ఇంటివాళ్ళు చూసుకోవాలి మదాం. అద్దెకున్నవాడు వాడుక తెలియక చెడగొడితే వాడు చూసుకోవాలి. చట్టం అది."

"నాకు చట్టం చెప్తావా? సంతకం పెట్టినప్పుడు ముసలిది కాదుగా? ఎనిమిది నెలల్లో ముసలిదైందా?" అంది ఆవిడ. కాయితాలు మళ్ళీ సంచీలో దోపింది. "కొత్త పొయ్యి కొనిపెట్టు. లేకపోతే చెప్పు. నా అలమరా మీద ఉత్తరం రాసి పెట్టేశాను. గురువారం నెలాఖరు. ఆలోగా నీకు అందితే, మూడు నెలల గడువు పోను, జనవరి ఆఖరుకి నువ్వు ఖాళీ చెయ్యాలి."

"ఎప్పుడు రాశారు?"

"ఇప్పుడే. మెట్లెక్కి దిగేలోపు. నా చెయ్యి నీ చెయ్యిలా బద్ధకం కాదు."

చెక్క చెప్పులు పైకి వెళ్ళిపోయాయి. గెనోలే మాడిన ఫార్‌ని చెత్తబుట్టలో వేసి, మంచం మీద కూర్చుండిపోయాడు.

ఆ ఒక్క గదీ, వంటిల్లూ పోతే అతనికి మళ్ళీ దొరకవు. యాభై ఆరేళ్ళు. విడాకులయ్యాక ఒక పెట్టె, ఒక పనిముట్ల సంచీతో బయటికొచ్చాడు. రెండు శీతాకాలాలు వ్యానులో పడుకున్నాడు. ఎక్కడికి వెళ్ళినా మూడు నెలల జీతం కాయితాలు చూపించమన్నారు, పూచీ పడేవాళ్ళెవరన్నారు. ఆర్నెల్లకోసారి పొడిగించే ఉద్యోగమని తెలియగానే 'చూసి చెప్తాం' అన్నారు. పదకొండు ఇళ్ళవాళ్ళు చూశారు, ఒక్కరూ చెప్పలేదు. మదాం కెర్సలే మాత్రం కాయితాలు అడగలేదు. అతని అరచేతులు తిప్పి చూసింది. 'పనిచేసే చేతులే. తాగుతావా?' అంది. 'ఆదివారాలు' అన్నాడు. 'సరే' అంది.

సోమవారం డిపోకి వెళ్ళాడు. ఊళ్ళో పనికిరావని తేల్చిన సామానంతా వచ్చి పడే చోటు అది. చెట్టుకొమ్మలు ఒక తొట్టిలో, ఇనుము ఒక తొట్టిలో, మంట పుట్టించేవీ చల్లబరిచేవీ ఉతికేవీ ఇంకో తొట్టిలో. ఏది ఎందులో వెయ్యాలో చెయ్యి చాపి చూపించడమే అతని ఉద్యోగం. ఆ పొద్దున ఒకామె నాలుగేళ్ళ కిందట కొన్న బట్టలుతికే మిషను తెచ్చింది. ఏమైందమ్మా అంటే, నీళ్ళు పోవట్లేదంది. అడుగున జాలీలో ఏ నాణెమో, సాక్సో ఇరుక్కుని ఉంటుంది. విప్పి తీస్తే పది నిమిషాల పని. తియ్యకూడదు, రూలు. తొట్టి చూపించాడు. మిషను అందులో పడ్డప్పుడు వచ్చిన చప్పుడుకి పళ్ళు కొరుక్కున్నాడు. రోజుకి అలాంటివి పది పడతాయి. తన బతుకంతా నేర్చుకున్న పని ఆ తొట్టి అడుగున ఉందని అతనికి అనిపిస్తుంటుంది. అనిపించినా ఎవరికీ చెప్పడు. వినేదెవరు?

ఒకప్పుడు రేవు వెనక సందులో, పొయ్యిలూ మిషన్లూ బాగుచేసే జోంకూర్ వాళ్ళ కొట్టు ఉండేది. పెద్ద జోంకూర్ పోయాక ఆయన కొడుకు దెనెజ్, గెనోలే కలిసి నడిపారు. పదిహేనేళ్ళకే బడి మానేసిన గెనోలేకి పలక, బలపం, బడిపంతులు అన్నీ ఆ కొట్టే. పొద్దున్నే తలుపు తీస్తే ఆపిల్ సైడర్ సీసాలు, మడ్డి నూనె, కాలిన దుమ్ము కలిసిన వాసన. రేవులో పడవలొచ్చిన రోజున ఆ వాసన మీద చేపల వాసన. దెనెజ్ ఈల వేసుకుంటూ పనిచేసేవాడు, ఎప్పుడూ ఒకే పాట, అదీ సగమే.

సామానుతో అద్దెకిచ్చిన ఇళ్ళ నుంచి పిలుపొచ్చిందంటే ఇద్దరూ ఎగబడేవాళ్ళు. అక్కడ పని కన్నా వేడుక ఎక్కువ. మిషనుకి ఒక పక్క ఇంటివాళ్ళు, ఒక పక్క అద్దెవాళ్ళు చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళు. మధ్యలో గెనోలే మోకాళ్ళ మీద కూర్చుని రేకు విప్పుతుంటే ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళు. "చెప్పు బాబూ, ముసలితనమా, మొరటుతనమా?" అని అడిగేవాళ్ళు. ముసలితనం అంటే ఇంటివాళ్ళ నెత్తిన, మొరటుతనం అంటే అద్దెవాళ్ళ నెత్తిన. అతను కావాలని ఆలస్యం చేసేవాడు. స్క్రూ ఒకటి దీపానికెత్తి చూసేవాడు. 'ముసలితనం' అనగానే ఒక పక్క నిట్టూర్పు, ఒక పక్క కాఫీ. బడి మానేసినవాడి మాటకి నోటరీ కూడా ఎదురు చెప్పేవాడు కాదు. ఇప్పుడెవరు అడుగుతారు?

కొట్టుకి ఇంకో ఆచారం ఉండేది. పెద్ద జోంకూర్ పెట్టింది. ఏ వస్తువు బాగుచేసినా వెనక రేకు లోపలి వైపున సంవత్సరం, చేసినవాడి పేరులో మొదటి అక్షరం పెన్సిలుతో రాయాలి. అదే జబ్బుతో వస్తువు తిరిగొస్తే, ఎవరి గుర్తు ఉందో వాడు సొంత టైములో, ఉత్తినే మళ్ళీ చెయ్యాలి. సాకులు లేవు. శనివారం మధ్యాహ్నాలు అలా ఎన్ని పోయాయో.

సాయంత్రం డిపో నుంచి రాగానే గెనోలే పొయ్యిని గోడ నుంచి లాగాడు. గ్యాస్ గొట్టం తీసి, వెనక రేకు ఆరు స్క్రూలూ విప్పాడు. దీపం పెట్టి చూసేసరికి జబ్బు ఎదురుగానే కనపడింది. ఓవెన్ లోపలి వేడిని పసిగట్టి మంట తగ్గించే, పెన్సిలంత రాగి గొట్టం ఒకటి ఉంటుంది. ఓవెన్ లోపల ఒక క్లిప్పులో కూర్చుని ఉండాలి. ఇది జారి బయటికొచ్చి వెనక చల్లగా వేలాడుతోంది. దానికి లోపల ఎంత మండుతోందో తెలియదు, మంట తగ్గించదు. క్లిప్పు ఉండాల్సిన చోట తెగిపోయిన తీగ ముక్క ఒకటి ఉంది. ఎవడో క్లిప్పు దొరక్క తీగతో కట్టాడు.

'ఏ దరిద్రుడు చేశాడ్రా ఇది' అనుకుంటూ రేకు తిప్పి చూశాడు.

మూడు గుర్తులున్నాయి. '79' పక్కన పెద్ద జోంకూర్ చేతిరాత. '87', దాని పక్కన 'దె'. '94', దాని పక్కన కూడా 'దె'.

గెనోలేకి మొదట చటుక్కున సంతోషం కలిగింది. డెబ్బై తొమ్మిదికే బాగుచేయించుకున్న పొయ్యి! నలభై ఐదేళ్ళ పైమాటే. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? తీగ ముక్క పీకి జేబులో వేసుకుని, ఆవిడని పిలిచి, రేకు చూపించి 'ముసలితనం' అంటే చాలు. ఉత్తరం పొయ్యిలోకి పోతుంది. వేళ్ళు తీగ మీదికి వెళ్ళాయి కూడా.

అలా పట్టుకున్నప్పుడు తీగ మెలిక చూశాడు. మూడు చుట్లు, చివర ఎడమకి వంపు. ఎడమచేతివాటం వాడు వేసిన మెలిక. దెనెజ్‌ది కుడిచెయ్యి.

తన ఎడమచేతిని చూసుకున్నాడు. రేకు మళ్ళీ దీపానికి దగ్గరగా పెట్టాడు. తొంభై నాలుగు పక్కన 'దె' కింద ఏదో మరక. ఎవరో బొటనవేలితో రుద్ది చెరిపిన అక్షరం. ఏటవాలుగా చూస్తే 'గె'.

తొంభై నాలుగు అప్పుడు గుర్తొచ్చింది. జూన్ నెల. క్లిప్పులు అయిపోయాయి, సరుకు రాలేదు. సాయంత్రం వ్యాను వచ్చి తీసుకెళ్ళేలోగా పొయ్యి తయారుగా ఉండాలి. ఇంతలో ఆస్పత్రి నుంచి ఫోను. తీగ కట్టాడు. సరుకొచ్చాక మార్చొచ్చు అనుకున్నాడు. పెన్సిల్ గుర్తు పెట్టి సైకిలెక్కాడు. ఆ సాయంత్రం కూతురు పుట్టింది. పొయ్యి సంగతి ముప్పై ఏళ్ళు గుర్తు రాలేదు.

దెనెజ్‌తో మాటలు లేక పదిహేనేళ్ళు. కొట్టు మూసేసే రోజున, తాళాలు కొట్టు అద్దెకిచ్చినవాళ్ళకి ఇచ్చేసి దెనెజ్ చల్లగా నిలబడితే, గెనోలే సందులో అందరి ముందూ అరిచాడు. 'నీ జన్మలో ఒక్క బరువైనా నీ నెత్తిన వేసుకున్నావా? అన్నిటికీ చేతులు దులుపుకోవడమే కదరా నీ పని!' తనకన్నా ఎనిమిదేళ్ళు పెద్దవాణ్ణి 'రా' అన్నాడు. ఊరు చిన్నది. అయినా ఇద్దరూ ఎదురుపడకుండా నెట్టుకొచ్చారు. రొట్టెల దుకాణానికి దెనెజ్ ఏడింటికి వెళ్తే గెనోలే ఎనిమిదింటికి వెళ్ళేవాడు.

మంగళవారం ఏడింటికి వెళ్ళాడు.

దెనెజ్ వరసలో ముందున్నాడు. నడుం వంగింది. చంకలో రొట్టె పెట్టుకుని వెనక్కి తిరిగి చూశాడు.

"ఏరా, నీ గడియారం చెడిందా?"

"నీ గుర్తు ఉన్న పొయ్యి ఒకటి తిరిగొచ్చింది" అన్నాడు గెనోలే. "తొంభై నాలుగుది. వచ్చి చెయ్యి."

దెనెజ్ రొట్టె కొస తుంచి నోట్లో వేసుకుని నమిలాడు. "మీగడ రంగుదా? కెర్సలే వాళ్ళది?"

"నీకు తెలుసన్నమాట."

"పదేళ్ళకి వస్తుందనుకున్నా. ముప్పై ఏళ్ళు ఆగింది. నీ తీగ గట్టిదేరా."

దుకాణం బయట గోడ దగ్గర నిలబడ్డారు. రేవు మీంచి చలిగాలి కొడుతోంది.

"నా గుర్తు ఎందుకు చెరిపావు?"

"వ్యానులోకి ఎక్కించే ముందు రేకు బిగిద్దామని చూస్తే తీగ కనపడింది. నువ్వేమో ఆస్పత్రిలో. అది వారంలో తిరిగొస్తే, ఇంట్లో పసిపిల్లని పెట్టుకుని శనివారం కొట్లో కూర్చుంటావా? పోనీలే అని నా అక్షరం పెట్టా."

"తరవాతైనా చెప్పొచ్చుగా."

"మర్చిపోయా."

"పదిహేనేళ్ళ కిందట నేను సందులో నిలబడి నిన్ను అన్ని మాటలంటుంటే? అప్పుడూ గుర్తు రాలేదా?"

"అప్పుడు గుర్తొచ్చింది" అన్నాడు దెనెజ్. "కానీ అంత గొంతుతో అరుస్తున్నవాడికి పొయ్యి సంగతి ఎక్కడ చెప్పను? ఇప్పుడేంటి, నాకు విగ్రహం పెట్టిస్తావా? రేపు సాయంత్రం ఎన్నింటికి రమ్మంటావో చెప్పు, చలేస్తోంది."

బుధవారం ఆరింటికి వచ్చాడు. చేతిలో తుప్పుపట్టిన బిస్కట్ల డబ్బా. కొట్టు మూసినప్పుడు ఎవరికీ పనికిరాని చిన్న సామానంతా అందులో పోసుకుని ఇంటికి తీసుకెళ్ళాడట. మూత తియ్యగానే ఆ వాసన వచ్చింది. మడ్డి నూనె, కాలిన దుమ్ము. గెనోలే మొహం పక్కకి తిప్పుకున్నాడు.

అట్టముక్క పెట్టిన కుర్చీలో మదాం కెర్సలే కూర్చుంది. ఒళ్ళో ప్లాస్టిక్ సంచీ. సంచీ మీద ఉత్తరం, అంటించి సిద్ధంగా.

"ఈయనెవరు? సాక్షా?"

"జోంకూర్‌ని మదాం. రేవు వెనక కొట్టు" అన్నాడు దెనెజ్.

"పెద్దాయన కొడుకువా! ఇంత ముసలాడివైపోయావే."

"మీరేమో అలాగే ఉన్నారు."

"అబద్ధాలాడేవాళ్ళని ఫ్యాక్టరీలో గేటు బయట నిలబెట్టేదాన్ని. సరే, చెప్పండి. ముసలితనమా, మొరటుతనమా?"

మోకాళ్ళ మీద ఉన్న ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ మాట విని ఎన్నేళ్ళయిందో. గెనోలే రేకు తీసి ఆవిడ ఒళ్ళో పెట్టాడు.

"రెండూ కాదు మదాం. మీ తప్పు కాదు, అద్దెకున్నవాడి తప్పూ కాదు. బాగుచేసినవాడు సగం పని చేసి పోయాడు."

"ఎవడు వాడు?"

"నా గుర్తు ఉంది, నేనే" అన్నాడు దెనెజ్.

"చేసింది నేను" అన్నాడు గెనోలే.

"ఇదేం తద్దినం! ఆదివారం నుంచి తప్పు ఎవరిదంటే ఒక్కడూ ఒప్పుకోలేదు, ఇప్పుడు ఇద్దరా?" అంది ఆవిడ. అని, కళ్ళజోడు సర్దుకుని రేకు చూసింది. వేలు తొంభై నాలుగు దగ్గర ఆగలేదు. పైకి వెళ్ళి డెబ్బై తొమ్మిది మీద ఆగింది.

"ఇది అప్పుడు మీ కొట్టుకి ఎందుకు తెచ్చామో తెలుసా?" అంది. "మా ఆయన సముద్రం మీంచి వచ్చి, తడి బూట్లు ఆరతాయని ఓవెన్లో పెట్టి నిద్రపోయాడు. రబ్బరు బూట్లు! కరిగి అడుగంతా పారాయి. మీ నాన్న మూడు గంటలు గీకాడయ్యా. గీకుతూ ఒకటే నవ్వు. పెళ్ళయి ఏడాది కాలేదు, నాకు ఏడుపు."

"అది మొరటుతనం మదాం" అన్నాడు గెనోలే.

"అచ్చమైన మొరటుతనం" అంది ఆవిడ. నవ్వు మొదలెట్టి ఆపుకోలేకపోయింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తుడుచుకోవడం కొంచెం ఎక్కువసేపే పట్టింది.

దెనెజ్ డబ్బాలో వెతికి క్లిప్పు తీశాడు. గెనోలే రాగి గొట్టాన్ని వంపు పోకుండా లోపలికి నడిపించాడు. ఒకడు చెయ్యి చాపితే ఇంకొకడు అడక్కుండానే స్క్రూడ్రైవర్ పెట్టాడు. దెనెజ్ సన్నగా ఈల మొదలెట్టాడు. అదే పాట, సగమే.

రేకు బిగించే ముందు దెనెజ్ చెవి మీంచి పెన్సిల్ తీసి ఇచ్చాడు. గెనోలే '24' అని రాసి, పక్కన 'గె' అని గట్టిగా ఒత్తి రాశాడు.

"తిరిగొస్తే నీదే శనివారం" అన్నాడు దెనెజ్.

"తిరిగి రాదు."

"ఫిబ్రవరిలో కూడా ఇలాగే అన్నాడు ఈ మహానుభావుడు" అంది మదాం కెర్సలే. సంచీలోంచి జాబితా తీసి బల్ల మీద పరిచింది. 'బాగా పనిచేస్తున్నది' అన్నదాని ముందు కలం పెట్టి ఆగింది. తరవాత చిన్న అక్షరాలతో 'పాతది' అని రాసింది. "దీనికి ఇద్దరం మళ్ళీ సంతకం పెట్టాలి. ఇది మళ్ళీ చెడితే నా నెత్తినే. సరేనా?"

"సరే మదాం. మరి ఆ ఉత్తరం?"

ఆవిడ ఉత్తరం తిప్పి, కవరు వెనకాల రాయడం మొదలెట్టింది. గుడ్లు ఆరు. పాలు లీటరు. ఎండు ప్లమ్ పళ్ళు. "రేపు దుకాణానికి వెళ్తావుగా, ఇవి తీసుకురా. ఫార్ ఎలా చెయ్యాలో నేను చూపిస్తా. ఆదివారం వాసన చూస్తేనే తెలిసింది, నీకు రాదని."

గెనోలే కలం తీసుకున్నాడు. కాయితం మీద పెట్టబోతుంటే ఆవిడ అతని మణికట్టు మీద చిన్నగా కొట్టింది.

"ఈసారి వెలిగించి చూసి పెట్టు."

గెనోలే మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గ్యాస్ గొట్టం బిగించి, అగ్గిపుల్ల గీసి, మీట మధ్యలో పెట్టాడు. మంట భగ్గుమంది. ముగ్గురూ తలుపు అద్దంలోంచి చూస్తూ కూర్చున్నారు. పావుగంట గడిచాక, లోపల చిన్న చప్పుడుతో మంట తనంతట తనే కిందికి వాలింది.

"ఇప్పుడు పెట్టు" అంది ఆవిడ.